నేను ఉద్యోగాలు ఇప్పించను, నాకు పైసలు ఇవ్వకండి

దసరాకు ఊరికి పోయినప్పుడు వెనకింటి పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. జడ్చర్ల దగ్గర మా ఊరు. జమ్మి చేతిలో పెట్టి కాళ్ళు మొక్కాను, ఆమె ఇంకా కూర్చోనైనా కూర్చోకుండా కొంగు ముడి విప్పి, పాల కవరులో చుట్టిన ఐదువందల నోట్ల కట్ట నా ఒళ్ళో పెట్టింది. "ఇరవై వేలున్నయి బిడ్డా. తక్కినయి పత్తి అమ్మినంక ఇస్తం. మా చిన్నోనికి ఏదన్నా కంపెనీల పెట్టియ్యి, నువ్వొక్క మాట జెప్తే అయితది గదా" అంది.

నాకు భయమేసింది. నా ఒళ్ళో పెట్టింది కాబట్టి ఆ కట్ట మళ్ళీ ఆమె కొంగులోకే పోయింది. ఇంకొకరి ఒళ్ళో పెట్టి ఉంటే?

మాదాపూర్‌లో ఒక కన్సల్టెన్సీలో ఎనిమిదేళ్ళుగా రిక్రూటర్‌గా పనిచేస్తున్నాను. ఊళ్ళో నన్ను "నౌకర్లు పెట్టిచ్చే పిల్ల" అంటారు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, అందుకే వాళ్ళ మీద కోపం రాదు. మా పాలమూరులో తరాలుగా మనుషుల్ని పనికి తీసుకుపోయినవాడు గుంపు మేస్త్రీ. డ్యాములకు, కాలువలకు, బొంబాయి బిల్డింగు పనులకు అడ్వాన్సు ఇచ్చి బస్సెక్కించేది అతనే, కూలిలో తన వాటా పట్టుకునేదీ అతనే. మా తాత అట్లా పోయి వచ్చినవాడే. పని చూపించినవాళ్ళకు పనిచేసేవాళ్ళే ఇచ్చుకోవాలన్న లెక్క అక్కడి నుంచి వచ్చింది.

మా లెక్క వేరు. మనిషి కావాలని మమ్మల్ని అడిగేది కంపెనీ, ఫీజు కట్టేది కూడా కంపెనీయే. ఒప్పందాన్ని బట్టి మారుతుంది కానీ ఎక్కువగా వినిపించే లెక్క ఏడాది జీతంలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. ఏడాదికి నాలుగు లక్షల ఉద్యోగమైతే సుమారు 33 వేలు. అది కూడా నా జేబులోకి రాదు, కన్సల్టెన్సీకి పోతుంది, నాకు జీతం, కొంత ఇన్సెంటివ్. మనిషి చేరిన తర్వాతే ఆ బిల్లు, 90 రోజుల లోపల మానేస్తే చాలా ఒప్పందాల్లో ఇంకొకరిని ఊరికే వెతికిపెట్టాలి. "మీరు జీతం తక్కువ చేసి మిగిలింది మీరు తింటారట కదా అక్కా" అని ఒక తమ్ముడు అడిగాడు. ఇట్లాంటి ఉద్యోగాల్లో జీతం పెరిగితే మా ఫీజు కూడా పెరుగుతుంది, తగ్గించి మాకు వచ్చేదేమీ లేదు. కాంట్రాక్టు ఉద్యోగం సంగతి వేరే: అక్కడ మీరు ఏజెన్సీ పేరోల్ మీద, అంటే ఏజెన్సీ జీతాల పట్టీలో ఉంటారు, కంపెనీ ఇచ్చే దాంట్లో ఏజెన్సీ తన భాగం పట్టుకొని తక్కినది మీకు జీతంగా ఇస్తుంది. అందుకే చేరేముందు "నేను ఎవరి పేరోల్ మీద ఉంటాను, పీఎఫ్ ఎవరు కడతారు" అని కచ్చితంగా అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకోకండి.

ఇక "ఒక్క మాట చెప్తే అయితది" అన్నది. నా మాటతో ఎవరికీ ఉద్యోగం రాదు. నేను వంద రెజ్యూమెలు చూసి ఐదారు పంపుతాను, ఇంటర్వ్యూ చేసేది ఆ డిపార్ట్‌మెంట్ మేనేజరు, సరే అనేది ఆయన, కాదనేదీ ఆయనే. కానీ ఆ వందలో మీరు ఉండాలి కదా, అసలు బాధ అక్కడే ఉంది.

పెద్దమ్మ కొడుకు రెజ్యూమె అరుగు మీద కూర్చొని ఫోన్‌లో చూశాను. బీఎస్సీ కెమిస్ట్రీ. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో రెండేళ్ళు క్యూసీలో, అంటే మందుల నాణ్యత పరీక్షించే విభాగంలో చేశాడు. మందులో ఏది ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషన్ మీద రోజూ శాంపిల్స్ నడిపాడు, ఆడిట్ వచ్చినప్పుడు రికార్డులు చూపించాడు. కాగితం మీద ఇవేమీ లేవు! మొదటి లైన్ "సవాళ్ళతో కూడిన సంస్థలో నా ప్రతిభను వినియోగించి", చివర్లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, క్రికెట్, మధ్యలో "క్యూసీ డిపార్ట్‌మెంట్, రెండు సంవత్సరాలు" అని ఒక్క ముక్క. జాబ్ పోర్టల్‌లో నేను మనుషుల్ని వెతికేది మాటలతోనే. హెచ్‌పీఎల్‌సీ అని కొడతాను, ఆ మాట ఉన్న ప్రొఫైళ్ళే వస్తాయి, వాటిలోనూ ఈ మధ్య అప్‌డేట్ చేసినవి ముందు చూస్తాను. ఈ పిల్లవాడు రెండేళ్ళు చేసిన పని నా కంటికి కనపడే దారే లేదు. పైగా రెజ్యూమెలో ఉన్న నంబరు పాత సిమ్‌ది.

"అక్కా, ఇవి రోజూ చేసే పనే కదా, రాయాలా?" అన్నాడు. అదే రాయాలి నాయనా!

మా మీద ఉన్న నిందల్లో ఒకటి మాత్రం నిజం. ఇంటర్వ్యూ దాకా రోజుకు మూడుసార్లు ఫోన్ చేస్తారు, తర్వాత ఎత్తరు. చాలాసార్లు మాకే జవాబు రాదు: మేనేజరు సెలవులో ఉంటాడు, పోస్టు ఆగిపోతుంది, లోపలి మనిషినే పెట్టుకుంటారు. అయినా అటువైపు ఫోను పట్టుకొని కూర్చున్నవాళ్ళకు "ఇంకా తెలియలేదు" అని ఒక మెసేజ్ పెట్టడానికి నిమిషం పట్టదు. మొదటి రెండేళ్ళు నేనూ పెట్టలేదు, అది తప్పే. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం కూర్చొని అందరికీ పెడుతున్నాను.

పైసల సంగతికే మళ్ళీ వస్తున్నా, ఎందుకంటే మా మండలంలోనే ఒక ఇంట్లో లక్షన్నర పోయింది. ముందు రిజిస్ట్రేషన్, తర్వాత ల్యాప్‌టాప్ డిపాజిట్, తర్వాత ట్రైనింగ్ ఫీజు, చివరకు కంపెనీ మెయిల్ నుంచి కాదు, మామూలు జీమెయిల్ నుంచి ఒక దొంగ ఆఫర్ లెటర్. ఆఫర్ లెటర్ ఇస్తామని పైసలు అడిగినవాళ్ళు రిక్రూటర్లు కారు. ఇప్పటికే కట్టి ఉంటే ఆ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. గల్ఫ్ సంగతిలో మాత్రం ఏజెంటు ఫీజు తీసుకోవచ్చు, దానికీ హద్దు ఉంది: 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి సర్వీసు ఫీజు అడగకూడదు. ఏజెంటు రిజిస్టరైనవాడో కాడో ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు.

పెద్దమ్మ కట్ట తీసుకొని మళ్ళీ కొంగుకు ముడేసుకుంది కానీ నమ్మకం కుదరలేదు. "పైసలు తీస్కోకుంటే పని ఎట్ల జేస్తవే" అని గడప దాకా పోయి మళ్ళీ అడిగింది. వాడు ఆ రాత్రే రెజ్యూమె మార్చి పోర్టల్‌లో పెట్టాడు. మొన్న షాద్‌నగర్ వైపు ఉన్న ఒక కంపెనీ నుంచి ఫోన్ వచ్చిందట, నాకు తెలియని రిక్రూటర్ ఎవరో చేశారట. మంగళవారం ఇంటర్వ్యూ. జీతం ఎంతో ఇంకా చెప్పలేదంటే, అడిగి రమ్మన్నాను.