మీ అబ్బాయి కనబడట్లేదేంటండీ?

ఇవాళ ఈ ప్రశ్న లిఫ్టులో ఎదురైంది. పై అంతస్తు ఆవిడ మంచి మనిషే, ఊరికే పలకరింపుగా అడిగింది. "ఒంట్లో బాగుండట్లేదండీ, చికిత్స జరుగుతోంది" అన్నాను. "అయ్యో" అంటుండగానే తలుపులు తెరుచుకున్నాయి. అబద్ధమేం కాదు. లిఫ్టు దిగేలోపు చెప్పగలిగినంత నిజం. వాడు మత్తు అలవాటు మాన్పించే సెంటర్లో ఉన్నాడన్నది చెప్పకుండా మిగిలిన నిజం.

ఈ మాట ముందే కూర్చి పెట్టుకున్నాను. ఉద్యోగం వెతుక్కుంటున్నాడంటే వచ్చే నెల "దొరికిందా?" అంటారు. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకెన్ని ఆడాలో, ఎవరితో ఏం చెప్పామో గుర్తుపెట్టుకోవాలి. ఇప్పుడు నాకంత ఓపిక లేదు. ఈయన దారి వేరు. ఇంటి గుట్టు గడప దాటకూడదంటారు. నేను ఫోన్లో వాడి సంగతి ఎత్తితే చాలు, టీవీ సౌండు పెంచి బాల్కనీలోకి వెళ్ళిపోతారు. కోపం కాదది, భయం. అందుకే నేనూ వాదించను.

మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. ఆవిడకు విషయం తెలుసు. "ఒక్కడే కదాని మరీ గారాబం చేశావేమో..." అని ఆపేసింది. ఆ ఆపడంలోనే తీర్పంతా ఉంది. తాగుడు అలవాటైనవాళ్ళ కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్‌లో ఒక మాట చెప్పుకుంటారు: ఇది నా వల్ల రాలేదు, నా అదుపులో లేదు, నేను నయం చేయలేను. చివరి రెండూ నాకు అనుభవంలోకి వచ్చేశాయి. మొదటిదే పగలు నమ్ముతాను, రాత్రికి జారిపోతుంది. వదినకు ఇదంతా చెప్పలేదు. "గారాబంగా పెరిగినవాళ్ళూ, దెబ్బలు తిని పెరిగినవాళ్ళూ అక్కడ పక్కపక్క మంచాల మీదే ఉన్నారు వదినా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

తర్వాత, "పోనీలే, మానేశాడుగా, ఇక గండం గడిచినట్టేగా" అంది. జాలి చూపే వాళ్ళకంటే ఇలా తొందరగా సంతోషించేవాళ్ళతోనే నాకు కష్టం. మళ్ళీ మొదలైతే వాళ్ళకెలా చెప్పాలి? డాక్టరు ముందే చెప్పారు. చికిత్స తీసుకున్నవాళ్ళలో 40 నుంచి 60 శాతం మందికి తిరగబెడుతుందని అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థే అంటుందట. బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు మందులు సరిగా వాడకపోతే ఎలా తిరగబెడుతుందో ఇదీ అంతేనట. అలా జరిగితే చికిత్స వృథా అయినట్టు కాదు, మార్చి మళ్ళీ మొదలుపెట్టాలి. బీపీ పెరిగినందుకు ఎవరూ ఎవరినీ పెంపకం గురించి అడగరు. అది వేరే సంగతి.

నిజానికి వీళ్ళందరికంటే నన్ను ఎక్కువ తికమక పెట్టింది వాడే. పోయినవారం సెంటర్ నుంచి మాట్లాడినప్పుడు, "నా గురించి ఎవరెవరికి చెప్పావమ్మా?" అన్నాడు. గొంతులో నిష్ఠూరం లేదు, ఊరికే తెలుసుకుందామన్నట్టే అడిగాడు. చెప్పాను. "అత్తకు తెలిసినా ఫర్వాలేదు, తను ఎలాగూ కనిపెట్టేస్తుంది. కానీ ఏం వాడానో, డబ్బులెక్కడివో చెప్పకు. అవి నేను చెప్పుకోవాల్సినవి" అన్నాడు. అప్పట్నుంచి మనసులో ఒక గీత గీసుకున్నాను. నా నిద్ర, నా భయం, బీరువా తాళం చీరకొంగుకు ముడేసుకుని తిరగడం, ఇవి నావి. ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. మిగతాది వాడిది. ఇన్నాళ్ళూ దాచాలా చెప్పాలా అనే కొట్టుకున్నాను గానీ, ఎవరి కథ ఎవరు చెప్పాలన్న ఆలోచనే రాలేదు.

సాయంత్రం ఆఫీసులో స్నేహితురాలితో నా వాటా చెప్పుకున్నాను. సలహా ఇవ్వలేదు, ఏ వీడియో లింకూ పంపలేదు. "రేపటి రిపోర్టు నేను చూసుకుంటాలే, నువ్వు త్వరగా వెళ్ళు" అంది. ఇలాంటి మనిషి ఒక్కరున్నా చాలు.

ఇక మిగిలింది నాన్న. వాడు ఇంటికొచ్చిన మర్నాడే ఆయనా వస్తానంటున్నారు. తాతయ్యకు మాత్రం చెప్పొద్దని వాడు మొదట్లోనే అన్నాడు. నిన్న మళ్ళీ ఫోన్ చేసి, "నేనే చెప్తాలే, నువ్వు పక్కన కూర్చో చాలు" అన్నాడు. కూర్చోగలను. వాడు మాట వెతుక్కుంటుంటే అందివ్వకుండా ఉండగలనా అన్నదే అనుమానం.