పెప్పరోనీ తీసేసి తింటే వెజ్జే కదా అమ్మా

పోయిన అక్టోబర్లో మా చిన్నాడు ఒక బర్త్‌డే పార్టీ నుంచి వచ్చి కారెక్కి, సీట్ బెల్ట్ కూడా పెట్టుకోకుండానే అడిగిన మాట ఇది. వాడికి అప్పటికి ఏడేళ్ళు. చీజ్ పిజ్జా ఒక్క బాక్సే తెప్పించారంట, వీడు బౌన్స్ హౌస్ లోంచి దిగొచ్చేసరికి అది కాస్తా అయిపోయిందంట, మిగిలినవన్నీ పెప్పరోనీవే, అందుకని ఆ ఎర్ర బిళ్ళలన్నీ ఒక్కొక్కటీ ఏరి టిష్యూలో పెట్టేసి మిగతాది తినేశాడు. నాకు ఏమనాలో తోచక "బాగుందా" అన్నా. "కొంచెం ఉప్పగా ఉంది" అన్నాడు. ఆ బిళ్ళల్లో ఉండేది పంది మాంసం, ఆవు మాంసం రెండూ కలిపి అని నాకు తెలుసు, వాడికి తెలీదు. మా అమ్మయితే వాణ్ణే కాదు కారుని కూడా కడిగించేది. నేను ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఆయన బ్యాచిలర్ రోజుల్లో రూమ్‌లో ఆమ్లెట్లు వేసుకున్న మనిషి, ఆ సంగతి ఇప్పటికీ మా అత్తగారికి తెలీదు, కాబట్టి ఆయన నవ్వులో న్యాయం ఉంది.

మాది తెనాలి. నేను పెరిగిన ఇంట్లో కార్తీక మాసం వస్తే ఉల్లిపాయ కూడా గుమ్మం దాటి లోపలికి రాదు. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్ళకి అడగడం అనేది అలవాటు కాదు, అవసరమే రాదు కదా. హోటల్‌కెళ్తే బోర్డు మీదే రాసుంటుంది, ప్యాకెట్ కొంటే పచ్చ చుక్క ఉంటుంది, చుట్టాలింటికెళ్తే వాళ్ళూ మనలాంటోళ్ళే. 2009లో డాలస్ వచ్చాక మొదటి నెలలోనే ఆఫీసు వాళ్ళు టీమ్ లంచ్ అని ఒక బార్బెక్యూ చోటుకి తీసుకెళ్ళారు. చుట్టూ చూసి గ్రీన్ బీన్స్ పెట్టించుకున్నా, బీన్సే కదా పాపం, ఎవరికి ఏం హాని చేస్తాయి అనుకుని. రెండు ముద్దలయ్యాక పంటికి ఏదో తగిలింది, బేకన్ ముక్క, అంటే పంది మాంసం. సరే అని పక్కనున్న పింటో బీన్స్ చూస్తే అందులో బ్రిస్కెట్ అనే ఆవు మాంసం ముక్కలు. ఆ రోజు మాకరోనీ చీజూ, ఊరగాయ కాని ఊరగాయ దోసకాయ ముక్కలూ, తెల్ల బ్రెడ్డూ తిని బతికా. ఇక్కడ కూరగాయని కూడా నమ్మడానికి లేదని తెలిసింది.

అప్పట్నుంచి మొదలైంది లేబుల్ చదువుడు. మొదట్లో మాంసం అనే మాట లేకపోతే చాలనుకునేదాన్ని, తర్వాత జెలటిన్ అంటే ఏంటో తెలిసింది, అంటే జంతువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసేది. మార్ష్‌మాలోస్‌లో ఉంటుంది, గమ్మీ బేర్స్‌లో ఉంటుంది, పైన క్రీమ్ పూసిన పాప్ టార్ట్స్‌లో ఉంటుంది, ఇక్కడ అమ్మే స్టార్‌బర్స్ట్‌లోనూ ఉంటుంది. స్కిటిల్స్‌లో ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. హాలోవీన్ రాత్రి మా ఇంట్లో కార్పెట్ మీద క్యాండీ అంతా గుమ్మరించి రెండు కుప్పలు చేయడం ఒక పండగ, మా పెద్దది ఆరేళ్ళప్పుడే జెలటిన్ స్పెల్లింగ్ గుర్తుపట్టేసేది, తన పేరు స్పెల్లింగ్ కన్నా ముందు అదే వచ్చిందని మా ఆయన జోకు.

ఆఫీసులో ఒక యూదుల ఆవిడ నాకు ఇంకో కిటుకు చెప్పింది. ప్యాకెట్ మీద సున్నాలో యూ అక్షరం, పక్కన డి అని ఉంటే అందులో పాలు ఉన్నట్టు, వాళ్ళు పాలనీ మాంసాన్నీ కలపరు కాబట్టి మాంసం లేనట్టు. నేను సంబరపడిపోయా, పచ్చ చుక్క దొరికిందని. అప్పుడు ఆవిడ మెల్లగా, కానీ మేము చేపని మాంసం కింద లెక్కేయం అంది, అంటే చేపతో తీసిన జెలటిన్ ఉండొచ్చన్నమాట. బెంగాలీ వాళ్ళు నవ్వుకుంటారు ఇది వింటే. అసలైన పార్మేజాన్ చీజ్‌ని దూడ పొట్టలోంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారని చదివిన రోజు మా ఆయన ఫోన్ లాక్కుని, ఇంక చదవకు తల్లీ, ఉన్న నాలుగు కూడా పోయేలా ఉన్నాయి అన్నాడు.

బయట తినడం సంగతి చెప్పాలంటే పెద్ద కథ. టెక్స్-మెక్స్, అంటే టెక్సస్ మార్కు మెక్సికన్ తిండి దొరికే చోట, రిఫ్రైడ్ బీన్స్‌లో లార్డ్ అనే పంది కొవ్వు వేసే అలవాటుంది, ఆ ఎర్రన్నం చికెన్ ఉడికించిన నీళ్ళలో వండుతారు. థాయ్ చోట కూరగాయల కూరలో కూడా ఫిష్ సాస్. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ కథ మీ అందరికీ తెలిసే ఉంటుంది, 1990లో బీఫ్ కొవ్వు మానేసి వెజిటబుల్ ఆయిల్‌కి మారామన్నారు, కానీ బీఫ్ ఫ్లేవర్ మాత్రం ఉంచారు, 2001లో సియాటిల్‌లో మనవాళ్ళు కేసు వేస్తే 2002లో కంపెనీ సారీ చెప్పి 10 మిలియన్ డాలర్లు కట్టింది, కానీ ఇక్కడి ఫ్రైస్‌లో ఆ ఫ్లేవర్ ఇప్పటికీ ఉంది. అందుకే రోడ్ ట్రిప్‌లో మాకు దిక్కు టాకో బెల్, మాంసం బదులు బీన్స్ వెయ్యమంటే ఎవరూ మొహం చిట్లించరు, 2015 నుంచి వాళ్ళ మెనూలో కొన్నిటికి వెజిటేరియన్ సర్టిఫికెట్ కూడా ఉంది.

అడగడంలో నాకూ మా పెద్దదానికీ తేడా చూడండి. నేనైతే ముందు సారీతో మొదలెడతా, మేము వెజిటేరియన్స్, చికెన్ తినం, ఫిష్ తినం, ఎగ్ కూడా తినం, ప్లీజ్ అని ఏదో అప్పు అడిగినట్టు మొత్తం చరిత్ర చెప్తా, అంతా విని ఆ వెయిటర్ పాపం సూప్ ఇవ్వమంటారా, చికెన్ బ్రాతే, ముక్కలుండవు అంటాడు. మా పెద్దదానికి పద్నాలుగేళ్ళు, అది తల కూడా ఎత్తకుండా, రైస్ దేంట్లో వండుతారు, బీన్స్‌లో లార్డ్ ఉందా, ఫ్రయ్యర్ వేరేదా, అంతే. మూడు ప్రశ్నలు, సారీ లేదు. నాకు మొదట్లో పొగరేమో అనిపించింది, తర్వాత్తర్వాత దాని పక్కన కూర్చుని నేను హాయిగా మెనూ మూసేయడం నేర్చుకున్నా.

ఇంతా చేసి మనవాళ్ళ మధ్యే మాకు ఎక్కువ ఇబ్బంది, నవ్వొస్తుంది చెప్తే. అమెరికన్లు ఇండియన్ అంటే వెజిటేరియనే అనుకుంటారు, కానీ 2014లో మన ప్రభుత్వం చేసిన సర్వేలో తెలంగాణలో నాన్‌వెజ్ తినేవాళ్ళు 98 శాతం పైమాటే, ఆంధ్రా కూడా అటూఇటూ అంతే. కాబట్టి ఇక్కడ తెలుగువాళ్ళ పాట్‌లక్, అదే తలా ఒకటి వండి తెచ్చుకునే విందు, అంటే దమ్ బిర్యానీ, గోంగూర మటన్, వేపుడు, ఓ మూల ఒకే ఒక్క వెజ్ ట్రే. పోనీ అదైనా మాకు మిగులుతుందా, తినేవాళ్ళు అవీ తిని ఇవీ రుచి చూస్తారు కదా, మేము ప్లేట్ పట్టుకుని వెళ్ళేసరికి గుత్తి వంకాయ గిన్నెలో తొడిమలు. అందుకే ఇప్పుడు మా పులిహోర మేమే పట్టుకెళ్తాం, అందులో సగం దాచి పెట్టుకుంటాం కూడా. అన్నట్టు విమానం టికెట్ బుక్ చేసేటప్పుడు మీల్స్‌లో హిందూ మీల్ అని ఉంటే అది నొక్కకండి, అది నాన్‌వెజ్, మనకి కావాల్సింది ఏషియన్ వెజిటేరియన్. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు నేనే భక్తిగా హిందూ మీల్ నొక్కి పంపిస్తే ఆవిడ చికెన్ వాసన పక్కన కూర్చుని పద్నాలుగు గంటలు అరటిపండుతో గడిపింది.

ఆ అమ్మే, రెండేళ్ళ కిందట ఎండాకాలం వచ్చినప్పుడు, మా పెద్దదాని ఫ్రెండ్ ఇంటికొస్తే అడిగేసింది, "మీరు నీచు తింటారా అమ్మా" అని. ఆ పిల్లా తెలుగు పిల్లే, వాళ్ళ అమ్మానాన్నలది కరీంనగర్ వైపు. దానికి మాట అర్థం కాలేదు, మా పెద్దది వైపు చూసింది. మాకు కోస్తాలో అది మామూలు మాట, అందులో తిట్టు ఉందని పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అనుకోలేదు నేను. ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే మా పెద్దది వచ్చి, అమ్మా, నీచు అంటే ఏంటి అంది. మాంసం, చేపలు, అలాంటివి అన్నా. మనబడి తెలుగు క్లాసులో నీచుడు అంటే బ్యాడ్ పర్సన్ అని చెప్పారు కదా, అదేనా ఇది అంది. కాదే, అది వేరు ఇది వేరు అన్నా. "కానీ వినడానికి ఒకటే కదా" అంది. నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

తర్వాత అది వదల్లేదు. మనం ఎందుకు తినం, అసలు కారణం చెప్పు అంది. నేను జంతువుల మీద జాలి అన్నా, నీది లెదర్ హ్యాండ్‌బ్యాగ్ కదా అంది. భూమికి మంచిది అన్నా, ఏడాదికోసారి ఇండియా విమానంలో వెళ్తాం కదా, పైగా ఇంట్లో అంత నెయ్యి అంది. అప్పుడది "క్యాస్టా?" అని సూటిగా అడిగింది. అవును, అది కూడా ఉంది అన్నా. అంతకుముందు ఎవ్వరితోనూ పైకి అనలేదు ఆ మాట.

ఆ రాత్రి నిద్ర పట్టక నాకు ఆరో తరగతి గుర్తొచ్చింది. మా బడి వరండాలో వరసగా కూర్చుని క్యారేజీలు విప్పేవాళ్ళం, ఒకమ్మాయి ఉడకేసిన గుడ్డు తెచ్చుకునేది, మేమంతా జరిగి జరిగి వరండా చివర స్తంభం దగ్గర దానికి చోటు చూపించాం. జరగమని టీచర్ చెప్పలేదు, ఇంట్లోనూ ఎవరూ చెప్పలేదు, మాకు మేమే తెలుసుకున్నాం, అదే ఆశ్చర్యం. రెండేళ్ళు ఆ అమ్మాయి ఆ స్తంభం దగ్గరే తింది. ఇక్కడ స్కూల్లో మావాడి టిఫిన్ డబ్బాలో పులిహోర చూసి ఎవరో యక్ అన్నారని నేను టీచర్‌కి పేజీన్నర మెయిల్ పెట్టాను మరి.

నేను తినడం మొదలుపెట్టలేదు, పెట్టను కూడా, నాకు ఆ వాసనే పడదు, నలభై మూడేళ్ళ నాలుక మారదు. ఇంట్లో వండం. కానీ ఆ మాట మానేశాం, నాన్‌వెజ్ అంటాం. ఎవరైనా పక్కన తింటుంటే ముక్కు మూసుకోవడం, ప్లేటు జరుపుకోవడం మా ఇంట్లో బ్యాడ్ మేనర్స్ కింద లెక్క. పెద్దది తనకి తానే వెజ్‌గా ఉంటానంది, కేకులో గుడ్డు ఉన్నా తింటుంది, నేను తినను. చిన్నాడికి చెప్పింది ఒకటే, తింటే వచ్చి చెప్పు, దాచకు అని. పెప్పరోనీలో ఏముంటుందో కూడా చెప్పా. కాసేపు ఆలోచించి, "అయితే నెక్స్ట్ టైమ్ నాకు ముందే చీజ్‌ది ఒకటి పక్కన పెట్టమని ఆంటీకి చెప్తా" అన్నాడు.

మొన్న జనవరిలో వాడి బర్త్‌డే వచ్చింది. పదకొండు మంది పిల్లలు. ఒక పెప్పరోనీ పిజ్జా కూడా తెప్పించమన్నాడు, వాళ్ళ పార్టీలో చీజ్‌ది కూడా తెప్పించారు కదా అని వాడి లాజిక్కు. నేనే వెళ్ళి తెచ్చా, చలిలో కారు అద్దాలన్నీ దించుకుని. ఇంటికొచ్చాక మా ఆయన గరాజ్‌లో పెడదాం అన్నాడు. స్తంభం గుర్తొచ్చింది నాకు. నేను నోరు తెరిచేలోపే మా పెద్దది బాక్సు మీద మార్కర్‌తో పెద్ద పి రాసి డైనింగ్ టేబుల్ మీద చీజ్ బాక్సు పక్కనే పెట్టేసింది. మిగిలిన రెండు ముక్కలు ఒక పిల్లాడి వాళ్ళమ్మ ఫాయిల్‌లో చుట్టుకెళ్ళింది.

ఆ రాత్రి అమ్మ వీడియో కాల్ చేసి, పిల్లలకి ఏం పెట్టావే అంది. పిజ్జా అన్నా, రెండు రకాలు అని కూడా అన్నా. ఆవిడ ఒక్క క్షణం ఆగి, సరేలే, దిష్టి తీశావా వాడికి అంది. రెండో రకం ఏంటని అడగలేదు.