పెండ్లి లిస్టులో డబుల్ పేర్లు

అక్క పెండ్లికి పిలవాల్సినవాళ్ల పేర్లు నాయిన నోట్‌బుక్ నుంచి కొన్ని, దేవరకొండ చిన్నాయన ఫోన్లో చెప్పినవి కొన్ని నేనే టైప్ చేశాను. మహబూబ్‌నగర్ బావ తన ఫైల్ పంపాడు. మూడూ కలిపితే 640 లైన్లు. సగం మంది అందరికీ చుట్టాలే.

ఎంత పనిలే అని నా కంప్యూటర్లోని ఉబుంటు సిస్టమ్‌లో, డబుల్ లైన్లు తీసేసే యునిక్ (uniq) కమాండ్ కొట్టాను. ఒక్క లైనూ తగ్గలేదు! అది పక్కపక్కన ఉన్న లైన్లనే పోలుస్తుంది. మూడో లైన్లోని మిర్యాలగూడ మామ 400వ లైన్లో మళ్లీ వస్తే దానికి పట్టదు. ముందు సార్ట్ (sort) కమాండ్‌తో లైన్లను అక్షరాల వరసలో పెట్టాలి. సార్ట్‌కే హైఫన్ యు (-u) తగిలిస్తే రెండు పనులూ అయిపోతాయి.

అయ్యాయి గానీ, నాయిన ప్రింటు చూసి "మేనమామ పేరు అడుగుకు పోయిందేందిరా?" అన్నాడు. ఆయన రాసింది మర్యాద వరస. నేను అక్షరాల వరసలో పెట్టేశాను.

అప్పుడు ఆక్ (awk) అనే ఇంకో కమాండ్ గుర్తొచ్చింది. దానికి ఇచ్చేది !seen[$0]++ అంతే. ముందు ఆశ్చర్యార్థకం, తర్వాత సీన్ (seen) అనే అర్రే, అంటే ఏ లైను ఎన్నిసార్లు వచ్చిందో రాసుకునే పట్టిక, స్క్వేర్ బ్రాకెట్లలో మొత్తం లైను అని చెప్పే డాలర్ సున్నా, చివర రెండు ప్లస్‌లు. లైను మొదటిసారి కనిపిస్తే లెక్క సున్నా, అచ్చవుతుంది. రెండోసారికి లెక్క ఒకటి, ఆగిపోతుంది. వరస చెదరదు.

బావ పేర్లు మాత్రం ఒక్కటీ పోలేదు. ఆయనది విండోస్, ప్రతి లైను చివర క్యారేజ్ రిటర్న్ అనే కంటికి కనపడని గుర్తు ఉంటుంది. దాంతో అదే పేరు ఆక్‌కు వేరే లైనుగా కనిపిస్తుంది. టీఆర్ (tr) కమాండ్‌కు హైఫన్ డి (-d) పెట్టి ఆ గుర్తును తీసేసి, మళ్లీ ఆక్ నడిపితే 371 మిగిలాయి.

"లక్ష్మారెడ్డి", "లక్ష్మా రెడ్డి" ఇంకా ఇద్దరుగానే ఉన్నారు. వాళ్లను నాయిన పెన్నుతో కొట్టేశాడు.