బ్రాడీపేట ఇంటి వంటగది: ముందు గోడలు, తర్వాతే అరలు

గుంటూరు బ్రాడీపేటలో మా తాతగారు కట్టించిన ఇంటికి వంటగది బాగుచేయించాలని తలపెట్టగానే, చూడవచ్చిన బంధువులందరూ అరలకు ఏ రంగు వేయిస్తున్నారనే అడిగారు. నాకు మాత్రం ముందు తేల్చవలసింది గోడల సంగతే అనిపించింది. అవి గానుగ సున్నంతో కట్టిన ఇటుక గోడలు. తర్వాతి కాలంలో వాటి మీద చేయించిన సిమెంటు పూత మోకాలి ఎత్తు వరకు ఉబ్బిపోయి, గోటితో గీరితే పెచ్చులుగా ఊడి, వెనక తెల్లటి ఉప్పు పొడి రాలేది.

సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చుకున్నా తిరిగి గాలికి వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి, చెమ్మ ఇంకా పైకి పాకుతుంది, అందులో కరిగిన లవణాలు పూత వెనక పేరుకుని దాన్ని బయటికి నెడతాయి. ఈ మాట చెబితే మేస్త్రీ, "సున్నం పనివాళ్లు ఇప్పుడెక్కడ దొరుకుతారండీ, కెమికల్ కలిపి సిమెంటే కొట్టేద్దాం" అన్నాడు. పాత గుళ్ల మరమ్మతులు తెలిసిన పనివాళ్లు దొరికేదాకా ఆగి, సున్నంతోనే పూత వేయించాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి, తడి గోనెపట్టాలు కట్టి ఓపిక పట్టడం తప్ప వేరే మార్గం లేదు. అంతవరకు వంట వరండాలోనే.

గట్టుకు పాత కడప పలకే ఉంచమని అమ్మ పట్టుబట్టింది. కడప రాయి సున్నపురాయి జాతిది, చింతపండు పులుసు ఒలికితే మచ్చ పడక తప్పదు. చివరకు చీమకుర్తి నల్ల గ్రానైటుకు ఒప్పుకుంది, పాత పలకలు పప్పుల డబ్బాల అరలకు పనికొచ్చాయి. గట్టు ఎత్తును అమ్మను నిలబెట్టి, మోచేతికి బెత్తెడు కిందకు కొలిపించాం. కింది అరలకు నీటి తడిని తట్టుకునే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకుని, గోడకు ఆనకుండా స్టీలు కాళ్ల మీద నిలబెట్టాం. మరీ అందంగా లేవన్నది నిజమే, కానీ గోడకు గాలి ఆడుతోంది.

కట్టెలపొయ్యి నాటి పొగగొట్టాన్ని పూడ్చకుండా కొత్త చిమ్నీ గొట్టాన్ని అందులోంచే బయటికి తీశాం. తాలింపులో ఎండుమిరపకాయలు వేసినప్పుడు ముందుగదిలో దగ్గు తగ్గింది గానీ, పూర్తిగా మానలేదు.