మావాడు టీమ్‌లో ఉన్నాడు, ఆడడు

ఆదివారం పొద్దున్న తాడేపల్లిగూడెం నుంచి మా అత్తయ్య వీడియో కాల్ చేస్తే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "పెద్దాడు తిన్నాడా?" అని. రెండోది చదువు గురించి. పోయిన అక్టోబర్‌లో ఒకరోజు మూడో ప్రశ్న కూడా వచ్చింది.

"కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో చేరాడటగా అమ్మాయ్? ఎంతసేపు ఆడతాడేంటి?"

"ఆడడత్తయ్యా."

"మరి?"

"నీళ్ళ సీసాలు నింపుతాడు. బంతులు ఏరి ఇస్తాడు. ప్రాక్టీసు అయ్యాక వాళ్ళ బట్టలు ఉతుకుతాడు."

కాసేపు అవతల మాట లేదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను. "ఇంట్లో తిన్న కంచం తీయనివాడా?" అన్నారావిడ చివరికి.

ఆ ఉద్యోగం పేరు స్టూడెంట్ మేనేజర్. తప్పంతా ఆ పేరుదే. మన చెవికి మేనేజర్ అంటే ఏసీ గది, బయట నిలబడ్డ నలుగురు మనుషులు. పని ఏమిటో తెలియకముందే మా ఆయన రెండు వారాల పాటు ఆఫీసులో, గుళ్ళో, పుట్టినరోజు పార్టీల్లో "మావాడు టీమ్ మేనేజర్" అని చెప్పుకు తిరిగారు. తెలిశాక ఆ ఊసెత్తడం మానేశారు.

మేముండేది ఇండియానాపొలిస్‌కి ఉత్తరాన, కార్మెల్‌లో. మా వైపు క్రికెట్ ఎలాగో ఇక్కడ బాస్కెట్‌బాల్ అలాగ. బట్లర్ యూనివర్సిటీలో 1928లో తెరిచిన హింకిల్ ఫీల్డ్‌హౌస్‌లో ఇప్పటికీ ఆడుతున్నారు, దాన్ని గుడిని చూపించినట్టు చూపిస్తారు. మేం ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని కర్టెన్లు పట్టుకెళ్ళాడు గానీ డ్రైవ్‌వేలో పాతిన బాస్కెట్ స్తంభం వదిలేశాడు. మావాడు ఏడో ఏట నుంచి దాని కిందే పెరిగాడు. మంచు పడితే ముందు పార పట్టి ఆ కాస్త చోటూ ఊడ్చేవాడు. కారుకి దారి చేయమంటే మాత్రం మోకాలు నొప్పి.

హైస్కూల్లో టీమ్ ఎంపికకి రెండుసార్లు వెళ్ళాడు. రెండుసార్లూ జాబితాలో పేరు లేదు. ఐదడుగుల ఎనిమిదంగుళాలవాడు, మా ఇరువైపుల వంశాల్లోనూ తలుపు దగ్గర వంగాల్సిన మనిషి ఎవరూ లేరు, ఎక్కణ్ణుంచి వస్తుంది పొడుగు? రెండోసారి వచ్చి గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. "పోనీలే, ఇక కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్ మీద దృష్టి పెడతాడు" అన్నారు మా ఆయన. నేనూ అలాగే అనుకున్నానని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

కాలేజీ మా ఇంటికి మూడు గంటల దూరం. పేరు రాస్తే మావాడు ఊరుకోడు. స్టాటిస్టిక్స్ చదువుతున్నాడు. రెండో ఏడాది మొదట్లో కోచ్‌ల ఆఫీసుకి వెళ్ళి, "ఏ పనైనా చేస్తాను" అని అడిగాడట.

ఆ 'ఏ పనైనా' ఎంత ఉంటుందో నాకు మెల్లమెల్లగా తెలిసింది. పొద్దున ఆరింటికి ప్రాక్టీసంటే ఐదింటికే జిమ్‌లో ఉండాలి. బంతుల్లో గాలి చూడాలి, గడియారం సెట్ చేయాలి. ఒక్కో ఆటగాడు వందల షాట్లు వేస్తుంటే బుట్ట కింద నిలబడి బంతి అందుకుని తిరిగి ఇవ్వాలి. ఇవ్వడమంటే విసిరేయడం కాదట. అతను చేతులు పట్టుకున్న చోటికే, ఛాతీ ఎత్తులోనే వెళ్ళాలి. కాస్త కిందికి పడితే వంగి అందుకోవాలి, వంగితే షాట్ లయ పోతుంది. లావుపాటి దిండు పట్టుకుని ఎగిరే ఆటగాడిని కావాలని గుద్దడం ఇంకో పని, దెబ్బ తగిలినా బంతి వేయడం అలవాటు కావాలి కదా. ఎవరి వేళ్ళు ఎదుటివాళ్ళ బంతికి ఎన్నిసార్లు తగిలాయో కాగితం మీద గీతలు పెట్టడానికి ఒకడు. రాత్రి మ్యాచ్ అయ్యాక కోచ్‌లకి వీడియో ముక్కలు కోసి పెట్టేసరికి ఏ రెండో అవుతుంది.

ఇక ఆ బట్టలు. ప్రతి ఆటగాడికీ ఒక పట్టీ ఉంటుంది, దాని మీద అతని నంబరు. విప్పిన బనీను, నిక్కరు, సాక్సులు ఆ పట్టీకి గుచ్చి బుట్టలో పడేస్తారు. పట్టీతో సహా మెషిన్‌లోకి, పట్టీతో సహా డ్రయ్యర్‌లోకి, అక్కణ్ణుంచి ఆ నంబరు లాకర్‌కి. సాక్సు తప్పిపోవడం అనేదే ఉండదు. నా ఇరవయ్యేళ్ళ కాపురంలో జత దొరకని సాక్సుల సంచీ ఒకటి అలా పెరుగుతూనే ఉంది, ఈ ఉపాయం నాకెవరూ చెప్పలేదు.

వారానికి ముప్పై గంటలు తేలింది లెక్క. "గంటకెంతిస్తారు?" అన్నారు మా ఆయన. మొదటి ఏడాది ఏమీ ఇవ్వరు. ఒక ట్రాక్‌సూటు, రెండు జతల బూట్లు. కొన్నిచోట్ల ఫీజులో కొంత తగ్గిస్తారట, ఇక్కడ లేదు.

ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 2021 నుంచి ఆటగాళ్ళు తమ పేరూ ఫోటో వాడుకోనిచ్చి కంపెనీల దగ్గర డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ అన్ని ఆటలకీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు. ఆటగాళ్ళకి ఇవ్వాల్సిందే, చెమట వాళ్ళది. ఆ చెమట తుడిచేవాడికి మాత్రం బూట్లేనా? ఈ మాట అంటే మావాడు నవ్వి, "అమ్మా, నువ్వు యూనియన్ పెట్టు" అంటాడు.

వాళ్ళ నాన్నకి మాత్రం పేర్ల పట్టిక పంపాడు. 2020లో ప్రొఫెషనల్ జట్టు లేకర్స్‌కి కప్పు తెచ్చిన కోచ్ ఫ్రాంక్ వోగెల్ ఒకప్పుడు కెంటకీ యూనివర్సిటీలో స్టూడెంట్ మేనేజర్. లారెన్స్ ఫ్రాంక్ ఇండియానా యూనివర్సిటీలో పేరున్న కోచ్ బాబ్ నైట్ దగ్గర ఇదే పని చేశాడు. 2004లో ఇంకో ప్రొఫెషనల్ జట్టు న్యూజెర్సీ నెట్స్‌కి కోచ్ అయ్యి మొదటి 13 మ్యాచ్‌లూ వరసగా గెలిచాడు. 2023లో ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీని కాలేజీల జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్ (ఫైనల్ ఫోర్) దాకా తీసుకెళ్ళిన డస్టీ మే కూడా ఇండియానాలో నైట్ దగ్గర మేనేజరే. మా ఆయన చదివి, "చదువు మానేసి కోటీశ్వరుడైనవాడి కథలు కూడా ఇలాగే ఉంటాయి, మానేసి మునిగినవాడి కథ ఎవరు రాస్తారు?" అన్నారు. అది నిజమే. మావాడు కూడా కాదనలేదు. "నేను కోచ్ అవుతానని చెప్పలేదు నాన్నా. నాకు బాగా ఆడటం రాదు. రాదు కదా అని ఆటనే వదిలేయాలా?"

ఆ మాటకి మా ఆయన ఏదో జవాబు చెప్పారు, నాకు గుర్తులేదు. నాకు మా సంగీతం టీచరు గారి వరండా గుర్తొచ్చింది. తణుకులో ఆరేళ్ళు నేర్చుకున్నాను. పదో తరగతిలో ఉండగా, "గొంతు కచేరీకి పనికిరాదు, చదువుకోనివ్వండి" అన్నారావిడ మా అమ్మతో. అంతే, మానిపించేశారు. పాడేవాళ్ళ వెనక తంబూరా మీటుతూ కూర్చోవచ్చని ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. ఇక్కడికి వచ్చాక నేను కూడా పిల్లలకి అదే నేర్పాను. స్పెల్లింగ్ బీ అయినా కూచిపూడి అయినా ప్రైజ్ వస్తే కొనసాగింపు, రాకపోతే వేరే క్లాసు.

సీజన్ నవంబర్‌లో మొదలవుతుంది. థాంక్స్‌గివింగ్‌కి రాలేదు. క్రిస్మస్ సెలవులకి నాలుగు రోజులొచ్చి వెళ్ళిపోయాడు. చెప్పేటప్పుడు "గెలిచాం, ఓడిపోయాం" అనేవాడు. "నువ్వు ఆడలేదుగా" అని వాళ్ళ నాన్న సరిదిద్దితే పట్టించుకునేవాడు కాదు. ఒక్కటి మాత్రం నిజంగా ఆడాడు. మ్యాచ్‌కి ముందురోజు రాత్రి, ఎవరూ లేనప్పుడు, రెండు కాలేజీల మేనేజర్లూ వాళ్ళలో వాళ్ళు ఆడుకుంటారు, అదొక ఆచారం. అందులో ఏడు పాయింట్లు చేశాడట. ఆ రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి చెప్పాడు.

జనవరిలో మేమిద్దరం చూడటానికి వెళ్ళాం. జనమంతా బంతిని చూస్తుంటే నేను బెంచీ వెనక కుర్చీనే చూస్తున్నాను. రెండో సగంలో బుట్ట కింద ఒకతను దబ్బున పడ్డాడు. లేచాడో లేదో, మావాడు రెండు చేతుల్లో రెండు టవల్స్‌తో పరుగెత్తి, మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచి, అరచేత్తో ఒకసారి రాసి చూసి, వెనక్కి వచ్చేశాడు. ఆరు సెకన్లు పట్టిందేమో. మా ఆయన ఫోన్‌లో వీడియో తీస్తున్నారని అప్పుడు చూశాను.

ఆ ముక్క అత్తయ్యకి పంపింది కూడా ఆయనే. నేనైతే పంపేదాన్ని కాదు. ఆదివారం కాల్‌లో ఏమంటారోనని గుండె పీచుపీచుమంది. ఆవిడ రెండుసార్లు చూశారట. "తుడవకపోతే ఇంకోడు జారిపడడూ?" అన్నారు. తర్వాత, "వాడికి కుర్చీ ఇచ్చారుగా, అది చాల్లే."

మార్చిలో ఆ జాతీయ టోర్నమెంటుకి 68 టీములకి పిలుపొచ్చింది, మావాడి టీముకి రాలేదు. మేలో సామాను మూటగట్టుకుని ఇంటికొచ్చాడు. రెండో రోజే లాండ్రీ గదిలోంచి కేక. "అమ్మా, టవల్స్‌కి సాఫ్ట్‌నర్ వేస్తున్నావా? వేస్తే చెమట పీల్చవు!" పదేళ్ళుగా వేస్తున్నాను. సీసా తీసి పై అరలో పెట్టేశాడు. సాయంత్రం సంచీలోంచి నాలుగు పాత పట్టీలు తీసి తలుపు వెనక వేలాడదీశాడు, ఇంట్లో మనిషికి ఒకటి చొప్పున. చెల్లికి 4, తనకి 11 నంబరు రాసుకున్నాడు. నాకేదైనా ఫర్వాలేదన్నాను.

మా ఆయన మైకేల్ జోర్డన్ నంబరు 23 అయితేనే బట్టలు గుచ్చుతానన్నారు.