బైపీసీ అయ్యాక మ్యాథ్స్: ఒకే మార్చిలో నాలుగు పేపర్లు

2017 జనవరి. తెలంగాణలో ఇంటర్ సెకండియర్ పరీక్షలకు గట్టిగా రెండు నెలలు కూడా లేవు. అప్పుడు తెలిసొచ్చింది నాకు, నేను చదవాల్సింది మ్యాథ్స్ అని. చదువుతున్నదేమో బైపీసీ.

మా చిన్నమ్మ కొడుకు ఇప్పుడు అచ్చం అదే చోట నిలబడి ఉన్నాడు. "అక్కా, ఇంత లేటుగా మారొచ్చా?" అని ఫోన్ చేశాడు. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. ఇలాంటి పిల్లలు ప్రతి కాలేజీలో ఒకరిద్దరు ఉంటారు, ఎవరిని అడగాలో తెలియక ఊరుకుంటారు.

మా బాపుది మోటార్ వైండింగ్ షాపు. వరి కాలం వచ్చిందంటే షాపు ముందు కాలిపోయిన బోరు మోటార్లు వరసగా ఉండేవి. మోటారు విప్పి, స్లాట్లలోంచి మాడిన తీగ పీకి, ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి, అదే గేజు రాగి తీగ మళ్లీ అన్నే చుట్లు చుట్టాలి. ఆ లెక్కపెట్టే పని ఏడో తరగతి నుంచీ నాదే. ఎందుకు కాలింది బాపూ అని అడిగితే "ఒక ఫేజు పోయింది బిడ్డా, రెండిటి మీదనే తిరిగింది" అనేవాడు. కరెంటు తెచ్చే మూడు తీగల్లో, అంటే ఫేజుల్లో, రెండిటి మీదే తిరిగితే ఎందుకు కాలుతుంది? దానికి బాపు దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు.

టెన్త్‌లో బయాలజీ బాగా వచ్చింది కాబట్టి ఇంట్లో, బడిలో అందరూ బైపీసీ అన్నారు. నేనూ సరే అన్నాను. పదిహేనేళ్ల పిల్లకు అంతకు మించి ఏం తెలుస్తుంది! సెకండియర్ ఫిజిక్స్‌లో విద్యుదయస్కాంత ప్రేరణ, ఏకాంతర విద్యుత్ ప్రవాహం పాఠాలు వచ్చినప్పుడు నా ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉందనిపించి ముందు బెంచీకి మారాను. కానీ ఉత్పాదన, అంటే ఫార్ములా ఎలా వచ్చిందో చూపించే లెక్క, వచ్చే చోట సారు ఆగిపోయేవారు. "ఇది ఎంపీసీ వాళ్ళు చూసుకుంటారు. మీరు ఫార్ములా రాసుకోండి" అనేవారు. ఫ్లక్సు, అంటే తీగ చుట్టలోంచి పోయే అయస్కాంత క్షేత్రం మొత్తం, మారే రేటు కట్టాలంటే అవకలనం (డిఫరెన్షియేషన్) రావాలి. ఆ మాట చదవగలను, చేయలేను. పక్క గదిలో ఎంపీసీ వాళ్ళ బోర్డు మీద అవే గుర్తులు కనిపించేవి. ఆ నెలంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.

ముందు ఈ మార్చిలోనే మ్యాథ్స్ కూడా కలిపి రాసేద్దామని అనుకున్నాను. నోటీసు బోర్డు మీద అంటించిన టైంటేబుల్ చూస్తే అసలు సంగతి అర్థమైంది. బాటనీ ఉన్న రోజే మ్యాథ్స్ ఎ పేపరు, జువాలజీ ఉన్న రోజే మ్యాథ్స్ బి పేపరు. ఒకే పూట, తొమ్మిది నుంచి పన్నెండు దాకా. ఒక మనిషి రెండు చోట్ల కూర్చోలేదు. కాబట్టి దారి ఒక్కటే. ముందు బైపీసీ పాసవ్వాలి, ఆ తర్వాత మ్యాథ్స్‌ను అదనపు సబ్జెక్టుగా రాయాలి. కాలేజీకి వెళ్లకుండా ఇలా రాయడానికి బోర్డు ఇచ్చే వీలును "హాజరు మినహాయింపు" అంటారు. మ్యాథ్స్‌కు ప్రాక్టికల్స్ లేవు కాబట్టి ఇది కుదురుతుంది. ఫస్టియర్ 1ఎ, 1బి, సెకండియర్ 2ఎ, 2బి, నాలుగూ ఒకే మార్చిలో రాయొచ్చు. అప్పట్లో పేపరుకు 75 చొప్పున 300 మార్కులు.

ఇంట్లో చెప్పిన రాత్రి అమ్మ అన్నం కలుపుతూ ఆగిపోయింది. "ఏడాది పోతది కదనే" అంది. ఆ భయం న్యాయమైనదే. బైపీసీతోనే బయోటెక్నాలజీ లాంటి కొన్ని బీటెక్ కోర్సుల్లో చేరొచ్చని తెలిసినవాళ్ళు చెప్పారు. అదీ మంచి చదువే, నాకు కావలసింది మాత్రం కరెంటు. బాపు చాలాసేపు మాట్లాడలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "మోటారు ఎందుకు కాలుతదో నాకు చెప్తవా బిడ్డా మల్ల?" అని అడిగాడు. చెప్తానన్నాను. అంతే, ఇంకేం అడగలేదు.

బైపీసీ శ్రద్ధగానే రాశాను. ఈ మాట మా తమ్ముడికి నొక్కి చెప్పాను: మనసు మ్యాథ్స్ మీదకు పోయిందని బాటనీ, జువాలజీ వదిలేస్తే రెంటికీ చెడతాం. బైపీసీ పాస్ మెమో చేతిలో లేకపోతే అదనపు సబ్జెక్టు అన్న మాటే లేదు.

జూన్‌లో మా బజారులోనే ఉండే రిటైర్డ్ లెక్చరర్ సారు దగ్గరికి వెళ్లాను. తెలుగు అకాడమీ పుస్తకాలు నాలుగూ అరుగు మీద పెట్టించి, నన్ను మొదటి పాఠం తెరవనివ్వలేదు. మాత్రికల (మ్యాట్రిసెస్) దగ్గర తెరిచారు. "ఇక్కడ నీకు త్రికోణమితి అక్కర్లేదు, పాత బాకీ ఏమీ లేదు. కూడికలు, గుణకారాలు వస్తే చాలు" అన్నారు. అప్పట్లో 1ఎ పేపరులో ఆ ఒక్క పాఠం నుంచే ఏడు మార్కుల ప్రశ్నలు రెండు, నాలుగు మార్కులది ఒకటి, రెండు మార్కులవి రెండు వచ్చేవి. మొత్తం 22. పాసు మార్కు 26. రెండు వారాల్లో నేను దాదాపు ఒడ్డు దగ్గరికి వచ్చేశానని తెలిసిన రోజు సారు అరుగు మీదనే ఏడ్చాను. 1బిలో సరళరేఖాయుగ్మం అలాంటిదే, రెండు పెద్ద ప్రశ్నలు. అక్కడి నుంచి దిక్ కొసైన్‌లు, ఆ తర్వాత అవకలనం. సమాకలనం (ఇంటిగ్రేషన్) మాత్రం అవకలనం చేతికి బాగా వచ్చేదాకా ముట్టుకోనివ్వలేదు.

ఎనిమిది నుంచి పది దాకా చదివిన లెక్కల్లో నాకు ఎక్కడెక్కడ బొక్కలున్నాయో ఆ వర్షాకాలంలో ఒక్కొక్కటే బయటపడ్డాయి. భిన్నాలు కూడేటప్పుడు తొందర, గుర్తు మార్చడం మర్చిపోవడం. వాటి కోసం సారు వేరే నోటుబుక్కు పెట్టించారు. తప్పు చేసిన లెక్క మాత్రమే అందులో ఎక్కాలి, తప్పిన చోట ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి. దసరా నాటికి ఆ నోటుబుక్కు నిండింది. రెండోది సగం కూడా నిండలేదు.

ఒక లెక్క గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. 1బి చివర్లో గరిష్ఠాలు, కనిష్ఠాలు ఉంటాయి. ఒక తీగను రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని చతురస్రంగా, రెండోదాన్ని వృత్తంగా వంచితే, రెండిటి వైశాల్యాల మొత్తం అతి తక్కువ కావాలంటే ఎక్కడ కోయాలి? కాగితం మీద చేశాను. అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే చతురస్రం భుజం, వృత్తం వ్యాసం సమానం అని వచ్చింది. సమాధానం పుస్తకంతో కలిసింది, కానీ నాకు నమ్మకం కుదరలేదు. ఇంటికెళ్లి షాపులో మిగిలిన రాగి తీగ మీటరు కోశాను. లెక్క ప్రకారం 56 సెంటీమీటర్లు చతురస్రానికి, 44 వృత్తానికి. చతురస్రం భుజం 14 వచ్చింది. రెండో ముక్కను ఒక గిన్నె చుట్టూ వంచి గుండ్రంగా సరిచేశాను. బల్ల మీద చతురస్రం పెట్టి దాని లోపల వృత్తాన్ని దింపితే, నాలుగు వైపులా భుజాలను తాకుతూ అచ్చుగుద్దినట్టు కూర్చుంది. బాపు చేతిలో పని ఆపి వచ్చి చూశాడు. వేలితో వృత్తాన్ని తిప్పి చూశాడు. "గిది ముందే లెక్కల తేలిందా?" అన్నాడు. తేలింది బాపూ అన్నాను. ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఏడాది పోతుందన్న మాట మళ్లీ రాలేదు.

ఇక కాగితాల పని. హాజరు మినహాయింపుకు దరఖాస్తు ఏటా ఎప్పటిలోగా చేయాలో బోర్డు ప్రకటిస్తుంది. అది పరీక్ష ఫీజు గడువుకు ముందే అయిపోతుంది. చాలామంది తప్పేది ఇక్కడే, ఫీజు కట్టేటప్పుడు చూసుకుందామని ఊరుకుంటారు. మినహాయింపు ఫీజు వేరు, పరీక్ష ఫీజు వేరు. అప్పట్లో దరఖాస్తు మనంతట మనం బోర్డుకు పంపేది కాదు, ఏదో ఒక జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా వెళ్లాల్సి ఉండేది. నేను మొదట అడిగిన కాలేజీ ఆఫీసులో "బైపీసీ వాళ్ళకు మ్యాథ్స్ ఏంది, అట్లాంటిదేం లేదు" అని పంపేశారు. సారు బోర్డు ప్రకటన ఉన్న పేపరు ముక్క కత్తిరించి ఇచ్చారు. అది పట్టుకుని ఇంకో కాలేజీకి వెళ్లాను. అక్కడి గుమాస్తా మేడమ్ చదివి, టెన్త్ మెమో, ఇంటర్ మెమో జిరాక్సులు తీసుకుని, అరగంటలో పని చేసి పెట్టారు. నోటి మాటతో అడిగితే లేదంటారు, కాగితం చూపిస్తే పని అవుతుంది. రసీదు మాత్రం అడిగి తీసుకోండి, ఎందుకో చెబుతాను.

ఫిబ్రవరిలో హాల్‌టికెట్లు వచ్చాయి. నాకు సెకండియర్‌ది ఒక్కటే వచ్చింది. ఫస్టియర్ పేపర్ల జాబితాలో నా పేరే లేదు. నాలుగు పేపర్లకు కట్టిన ఫీజు రసీదు చూపించేదాకా తప్పు ఎవరిదో కూడా తేలలేదు. రెండుసార్లు జిల్లా కేంద్రానికి బస్సులో వెళ్లి వచ్చాం. బాపు షాపు మూసేసి నాతో వచ్చాడు. పరీక్షకు నాలుగు రోజుల ముందు రెండో హాల్‌టికెట్ చేతికొచ్చింది. ఆ నాలుగు రోజుల్లో చదివింది ఏమీ లేదు, ఆ రెండు కాగితాలనూ మాటిమాటికీ తీసి చూసుకోవడమే సరిపోయింది.

1ఎ పేపరు ఒక రోజు, 2ఎ ఆ మర్నాడే. మళ్లీ 1బి, ఆ మర్నాడే 2బి. మామూలు పిల్లలకు మధ్యలో ఒక రోజు దొరుకుతుంది, నాలాంటి వాళ్ళకు దొరకదు. అందుకే ఆ రాత్రి చూసుకోవడానికి ఏం ఉండాలో సంక్రాంతి నాడే రాసి పెట్టుకున్నాను, పేపరుకు నాలుగే పేజీలు. 1ఎ రోజు నా చుట్టూ అందరూ ఫస్టియర్ పిల్లలు. ఇన్విజిలేటర్ మేడమ్ హాల్‌టికెట్ చూసి, నా మొహం చూసి, "అదనపు సబ్జెక్టా? ధైర్యంగా రాయమ్మా" అని భుజం తట్టి వెళ్లారు. ఆవిడ ఎవరో నాకు తెలియదు. మాత్రికలు రెండూ ముందు రాసేశాను.

1ఎలో 71, 1బిలో 66, 2ఎలో 58, 2బిలో 69 వచ్చాయి. 2ఎలో ప్రస్తారాలు, సంయోగాలు నాకు చివరిదాకా లొంగలేదు. ఆ పాఠానికి ఇంకో నెల ఇచ్చి ఉండాల్సింది.

బీటెక్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు గంటల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్స్‌వే, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. 2018లోనే తెలంగాణలో ఎంసెట్ మొదటిసారి కంప్యూటర్ మీద జరిగింది. బోర్డు పరీక్షకు మెట్లు రాసే అలవాటుతో వెళ్లిన నాకు మ్యాథ్స్‌లో టైం సరిపోలేదు. ఏడాదిలో రెండేళ్ల పుస్తకం పట్టుకున్నవాళ్ళు ఈ వేగం కోసం వేరుగా సాధన చేయాలి, నేను చాలినంత చేయలేదు. ఫిజిక్స్, కెమిస్ట్రీ కాపాడాయి. కౌన్సెలింగ్‌కు బైపీసీ మెమో, మ్యాథ్స్ మెమో రెండూ తీసుకెళ్లాను. వెరిఫికేషన్ దగ్గర రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ఈఈఈలో, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో, సీటు వచ్చింది.

మూడో సెమిస్టర్ సెలవుల్లో షాపులో కూర్చుని బాపుకు చెప్పాను. ఒక ఫేజు పోయినా మోటారు మోయాల్సిన బరువు తగ్గదు, మిగిలిన రెండు తీగల్లో కరెంటు పెరుగుతుంది, వేడి ఆ కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అందుకే ముందు ఇన్సులేషన్ మాడుతుంది అని. బాపు మాడిన చుట్ట ఒకటి తీసి వాసన చూసి పక్కన పెట్టాడు. "సరే, మరి గీ ఫేజు పోయినప్పుడు బంద్ అయ్యేటట్టు చేయొచ్చునా?" అని ఇంకో ప్రశ్న వేశాడు. అలా మోటారును ఆపేసే పరికరాలు, రక్షణ రిలేలు, అప్పటికే ఉన్నాయి. ఆ తర్వాత మా షాపుకు వచ్చిన ప్రతి రైతుకూ బాపు వాటి గురించి చెప్పి పంపేవాడు.

మా తమ్ముడు ఈ మార్చిలో బైపీసీ రాస్తాడు. ఈలోగా ఏం ముట్టుకోవద్దని చెప్పాను గానీ వాడు ఆగలేదు, మొన్న ఆదివారం మాత్రికల పుస్తకంతో ఇంటికి వచ్చాడు. మూడింటికి మూడు నిర్ధారకాలూ తప్పు చేశాడు, మూడింట్లోనూ గుర్తు దగ్గరే. వాడికి ఒక కొత్త నోటుబుక్కు, ఒక ఎర్ర పెన్ను ఇచ్చి పంపించాను.