పశువులసాల విప్పించాను: కర్ర దక్కింది, బల్ల మొదలైంది

ఆనందపురం దగ్గర మా ఊరి పెరట్లో ఉన్న పాత పశువులసాలని పెద్ద పండగ వెళ్లాక విప్పించాను. పడగొట్టించడం వేరు, విప్పించడం వేరు. సెలవు రోజుల్లో చెక్కపని నేర్చుకుంటున్నాను, నాకు ఆ కర్రే కావాలి. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు. తాటి దూలాలు, టేకు గుమ్మం, బెంగళూరు పెంకులు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి ఒక వాలు పెంకులన్నీ ఎగిరిపోతే అటువైపు సిమెంటు రేకులు వేయించాం. ఆవుల్ని అమ్మేసి 6 ఏళ్లయింది. అయినా అమ్మ ప్రతి కనుమకీ ఆ రాటలకి పసుపు రాసి బొట్టు పెడుతూనే ఉంది.

ముగ్గురు కాంట్రాక్టర్లని పిలిచాను. మొదటాయన జేసీబీతో ఒక్క పూటలో పడేస్తానన్నాడు. డబ్బులు వద్దు, కర్ర మాత్రం తనకే. చేవ తేలిన తాటి దూలం ఇప్పుడు కొందామన్నా దొరకదు, అందుకే వద్దన్నాను. రెండో ఆయన బయటినుంచే చూసి రేటు చెప్పేశాడు. మూడో మేస్త్రీ నిచ్చెనెక్కి దూలాల కొసల్ని సుత్తితో కొట్టి విన్నాడు. "రెండింటికి చెద పట్టిందండి బాబూ, మిగతావి గట్టివే" అన్నాడు. నలుగురు మనుషులు, 4 రోజులు, మట్టి తోలకంతో కలిపి 28 వేలు. ఆయనకే ఇచ్చాను.

కర్ర, గుమ్మం, బాగున్న పెంకులు మావని కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకున్నాం. చివరి 10 వేలు నేల చదును చేశాకే. ఈ కాగితం మూడో రోజు పనికొచ్చింది. మేం భోజనాలకి లేచిన టైములో తోలకానికి వచ్చిన ట్రాక్టరతను గుమ్మాన్ని కూడా ఎక్కించేశాడు. మేస్త్రీ కాగితం చూసి, గొడవ లేకుండా దింపించాడు.

సాల మీదుగా ఇంటికొచ్చే సర్వీసు వైరుని కరెంటాఫీసులో చెప్పి ముందే పక్కకి మార్పించాం.

రేకుల దగ్గరే నాకు టెన్షన్. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, విరిగితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లతో బాగా తడిపి, తుప్పుపట్టిన బోల్టుల్ని గ్రైండరు పెట్టకుండా చేతి రంపంతో కోయించాను. అందరికీ మంచి మాస్కులు కొన్నాను. రేకుల్ని పగలకుండా దింపి టార్పాలిన్‌లో చుట్టించాం.

తర్వాత పెంకులు, బద్దెలు, వాసాలు. కట్టినప్పుడు ఏది చివర వేశారో అదే ముందు తీయాలి. కుర్రాడొకడు తొందరపడి, కప్పు నడినెత్తిన ఉండే వెన్నుదూలాన్ని మోసే నిట్రాట మొదట్లో గునపం వేయబోతే మేస్త్రీ అరిచాడు: "వెన్నుదూలం దిగకుండా రాట ముట్టుకోకురా!" దూలానికి రెండు వైపులా మోకులు కట్టి, జానెడు జానెడుగా దింపారు. అంత ఓపిగ్గా చేసే పని చూడటం నాకు అదే మొదలు.

లెక్క: 480 పెంకులు, 5 దూలాలు, 14 వాసాలు బాగున్నాయి. చెద తిన్న కొసలు కోసేశాను. విరిగిన మేకులు లోపలే ఉంటాయి కాబట్టి ప్రతి కర్ర మీదా అయస్కాంతం తిప్పి, దొరికినవన్నీ పీకాకే చిత్రిక పడుతున్నాను. ఒక్క మేకు చాలు, ఉలి అంచు పోతుంది.

ఒక రాటకి మోకాలెత్తున పలుపుతాడు ఒరిసి ఒరిసి వేలు పట్టేంత గాడి పడింది. లోపల గాజులా నున్నగా ఉంది. దాన్ని ఈ కర్రతో చేస్తున్న బల్లకి ముందు కాలుగా వేస్తున్నాను. గాడి ఉన్న వైపు చిత్రిక పట్టను. వచ్చే ఆదివారం కాళ్లకి కుసులు, అంటే రంధ్రంలో దిగే కొసలు, కొట్టాలి.